సభకు ముందే వెళ్లిన వార్త

ఈ మాట ఇంతవరకు నా నోటితో ఎవరికీ చెప్పలేదు. కన్నతల్లి మా అవ్వకు తెలుసు, అయినా ఆమెతోనూ ఈ మాట ఎత్తలేదు. నాతో ఒకే గదిలో పడుకునే మేనత్తకు చెప్పలేదు. రోజూ రాసే డైరీలో కూడా సూటిగా రాసుకోలేదు, చుట్టూ తిరిగి రాసుకున్నాను. పదకొండేళ్ల కింద మా ఊరికి వచ్చిన ఒక స్వామి గురించి పేపర్లో పడిన వార్త మా బాపు రాసింది కాదు. నేను రాశాను. సభ మొదలు కావడానికి నాలుగు గంటల ముందే రాశాను.

ఇప్పుడు చెప్పడానికి కారణం నిన్నటి పేపరు. నిర్మల్‌లో ఒక చిన్న గ్రంథాలయంలో నాకు ఉద్యోగం. పొద్దున పది దాటాక బస్సు మీద పేపర్లు వస్తాయి. వాటిని విప్పి, కర్ర చట్రాలకు బిగించి, బల్ల మీద పెట్టడం నా మొదటి పని. నేను బిగించేలోపే వచ్చి కూర్చుంటాడు ఒక ముసలి పట్వారీ. కళ్లద్దాలకు ఒక పక్క దారం, నోట్లో లవంగం. ఆయనకు మనసులో చదువుకోవడం చేతకాదు, నలుగురికీ వినపడేటట్టు చదువుతాడు. నిన్న చట్రం అందుకోగానే, "అరెరె, స్వామి పోయిండు బిడ్డా," అని మొదలుపెట్టాడు. మూడు కాలమ్‌ల వార్త, పైన బొమ్మ. శాంతిదూత అస్తమయం అని పెద్ద అక్షరాలు. ఒకటి రెండు చోట్ల భక్తుల ఆవేశం హద్దు దాటినా స్వామివారు మాత్రం జీవితాంతం శాంతినే బోధించారట. చివరకు, చాలా ఏళ్ల కింద మా విలేకరి ఒకరు రాసినట్టు అని చెప్పి ఒక వాక్యం వేశారు. "ఆయన మాట్లాడుతుంటే తలుపులు మూసిన ఇంట్లోకి గాలి వచ్చినట్టు ఉంటుంది." పట్వారీ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి లవంగం చప్పరించాడు. "వాహ్! ఏం రాసిండు! గిసొంటి రాసెటోళ్లు ఇప్పుడు యాడున్నరు బిడ్డా?" అన్నాడు. నేను బీరువా వెనక్కి వెళ్లి, దుమ్ము లేని పుస్తకాల మీద దుమ్ము దులిపాను.

మా ఊరు జమ్మికుంట దారిలో ఉంటుంది. పేరు రాయను. బాపు ఒక పత్తి అడ్తి దుకాణంలో గుమస్తా. దానితోపాటు హైదరాబాదు పేపరుకు విలేకరి. విలేకరి అంటే పెద్దగా ఊహించుకోకండి. ఊళ్లో ఎద్దు బావిలో పడినా, గ్రామ పంచాయతీ వాళ్లు లాంతరు స్తంభం పాతినా నాలుగు ముక్కలు రాసి లిఫాఫాలో పెట్టి, మధ్యాహ్నం రెండు గంటల బస్సు డ్రైవరు చేతికివ్వాలి. ఆ డ్రైవరు కరీంనగర్‌లో ఇంకో బస్సు డ్రైవరుకు ఇస్తాడు. రాత్రికి అది పట్నం చేరితే తెల్లారి పేపర్లో పడుతుంది. రెండు గంటల బస్సు తప్పితే ఆ వార్త చద్దిదే. అయితే మా దిక్కు సభలన్నీ ఎండ తగ్గినాక, సాయంత్రం జరుగుతాయి. అందుకని బాపే కాదు, ఆ రోజుల్లో బస్సు మీద వార్త పంపే విలేకరులందరూ చేసేదే ఒకటుండేది. సాయంత్రం జరగబోయే సభను మధ్యాహ్నమే జరిపించేసేవారు. ఆహ్వాన సంఘం వాళ్లు ఇచ్చిన కాగితం ముందు పెట్టుకొని, ఫలానావారు ఇలా సెలవిచ్చారు, ప్రజలు కరతాళ ధ్వనులు చేశారు అని రాసి పంపేవారు.

ఒకసారి ఒక మంత్రిగారు వస్తానన్నారు. బాపు ఆయన ఉపన్యాసాన్ని పంపేశాడు. మంత్రిగారి జీపు వాగులో దిగబడి, ఆయన రానే లేదు. జనం దీపాలు పెట్టేదాకా కూర్చొని ఇళ్లకు వెళ్లారు. మరునాడు పేపర్లో ఉపన్యాసం పడింది. బాపు రెండు రోజులు అడ్తి దాటి బయటికి రాలేదు, నవ్వుతారేమోనని. ఎవరూ నవ్వలేదు. అప్పటిదాకా కూర్చొని లేచివచ్చిన మా పక్కింటి మామ, అరుగు మీద పేపరు ముందేసుకొని, "మేము లేచివచ్చినంక వచ్చిండు గావచ్చు. జరసేపు కూసుంటే అయిపోవు," అని బాధపడ్డాడు. మేము ఇంట్లో తలుపేసుకొని కడుపు పట్టుకొని నవ్వాం. బాపు కూడా నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

అక్షరాల చాటున ఏం జరుగుతుందో నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు. రజాకార్ల రోజుల్లో నాకు తొమ్మిదేళ్లు. బాపుకు ఉర్దూ వచ్చు గనుక పట్నం నుంచి ఒక ఉర్దూ పేపరు తెప్పించి, మాకు అర్థం చెప్తూ చదివేవాడు. ఊరూరా తిరిగి కర్రలు పట్టినవాళ్లకు దువా చేసే ఒక మతబోధకుడి గురించి ఆ పేపరు రాసేది. ఆయన దీన్‌కు సేవకుడు, ఆయన చెహరాలో నూరు ఉంటుంది అని. దీన్ అంటే మతం, చెహరా అంటే ముఖం, నూరు అంటే వెలుగు. ఆ వెలుగుగల మనిషి మాట విని వచ్చినవాళ్లే మా మేనమామ ఇల్లు కాల్చారు. యూనియన్ సైన్యం వచ్చాక తెలుగు పేపర్లు అదే మనిషిని మతపిశాచి అన్నాయి. బాపు రెండు పేపర్లూ పక్కపక్కన పరిచి, "మొఖం గదే, పేపరు మారింది," అన్నాడు. తొమ్మిదేళ్ల పిల్లకు అంతకన్నా పాఠం ఏం కావాలి? అయినా, మరో తొమ్మిదేళ్లకు, అదే వెలుగును ఇంకొకరి ముఖానికి తెలుగులో పూసింది నేనే.

ఆ ఏడు నాకు పద్దెనిమిది. ఇంట్లో నలుగురు చుట్టాలు కూడితే వంటింట్లోంచి బయటికి రాని పిల్లను. చదువు ఏడో తరగతితో ఆగింది, చదవడం ఆగలేదు. దానికి కారణం మా ఊరి మిషను బడి పంతులమ్మ. ఊరి చివర, పెద్దతోవ పక్కన వాళ్ల వాడ. వాడ మొదట్లో తాటాకుల ప్రార్థన గుడిసె. పంతులమ్మ నాకు పుస్తకాలిచ్చేది. ఇచ్చినప్పుడల్లా చదివింది రాసి చూపమనేది. ఆ గుడిసెను చూసుకునేది పంతులమ్మ తండ్రి. చిన్నప్పుడు దొర దగ్గర జీతం ఉన్నాడు. నలభై ఏళ్లు దాటినాక, బిడ్డ దగ్గరే అక్షరాలు నేర్చుకున్నాడు. గంట లేదు గనుక రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీసి, గడియారం లేదు గనుక తనకు తోచినప్పుడు కొట్టేవాడు. ఆడవాళ్లు గుడిసె ముందు పల్లికాయ వలుస్తుంటే, బైబిలు మీద వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివి వినిపించేవాడు. నేను గుంజను ఆనుకొని నిలబడేదాన్ని. నన్ను చూసినప్పుడల్లా, "ఏం బిడ్డా, ఇయ్యాల గుడ నోరు ఇంట్లనే పెట్టి వచ్చినవా?" అనేవాడు. నేను నవ్వి తల దించుకుంటే, "మర్సిపోయినట్టున్నది, పొయ్యి తెచ్చుకోపో," అనేవాడు.

ఆ ముసలాయన మీద నేను ఒకటిన్నర పేజీ రాసి పంతులమ్మకు చూపాను. తలుపులు మూసిన ఇంట్లోకి గాలి అన్న వాక్యం అందులోది. పంతులమ్మ దాన్ని తండ్రికి చదివి వినిపించింది. ఆయన బోసినోటితో నవ్వి, "గాలి కాక ఏమొస్తది? పండ్లన్నీ ఊశిపాయె," అన్నాడు.

స్వామి వచ్చే రోజు పొద్దున్నే అడ్తి షావుకారు బాపును జమ్మికుంట యార్డుకు పంపాడు. బాపు చెప్పులు వేసుకుంటూ ఆహ్వాన సంఘం వాళ్ల కాగితం నా చేతిలో పెట్టాడు. "నువ్వే రాసెయ్ బిడ్డా. నీ దస్తూరి నా దస్తూరి ఒక్కతీరే ఉంటది," అన్నాడు. ఆయన ఏం మాట్లాడతాడో నాకేం తెలుసు బాపూ అన్నాను. "స్వాములు ఏం మాట్లాడుతరు? శాంతి, ధర్మం. ఓ రెండు మంచి మాటలు కలుపు. బస్సు తప్పిపోనియ్యకు." కాగితంలో శాంతి సందేశం అని ఉండనే ఉంది. నేను మృదుభాషి అని కలిపాను. ముఖవర్చస్సు అని కలిపాను. ఇంకా ఒక మంచి మాట కావాలనిపించింది. వెతికితే కొత్తది దొరకలేదు, పాతది చేతికి అందింది. ముసలాయన మీది వాక్యాన్ని తీసి స్వామికి పెట్టాను. నా వాక్యం అచ్చులో పడబోతోంది. డ్రైవరుకు లిఫాఫా ఇచ్చి ఇంటికొచ్చి, ఒక్కదాన్నే కూర్చొని, ఆ వాక్యాన్ని నోట్లో బెల్లంముక్కలా తిప్పుకున్నాను.

సాయంత్రం అవ్వ నన్ను సభకు తీసుకుపోయింది. ఆడవాళ్లకు డేరా కింద ముందు వరస. నాకు విన్నది రాసుకునే అలవాటు. డైరీ, పెన్సిలు కొంగు చాటున ఉన్నాయి. స్వామి నిజంగానే మెల్లగా మాట్లాడాడు. అరవలేదు, చెయ్యి ఎత్తలేదు. మృదుభాషి అన్న నా మాటలో అబద్ధమే లేదు. అదే మెల్లని గొంతుతో చివరన ఆయన అన్నది అన్నట్టే రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పుడు నా ముందుంది. "రేపు సూర్యోదయానికి నేను ఇదే దారిన వెళ్తాను. దారి పక్కన శిలువ పెట్టిన గుడిసె ఒకటి చూశాను. రేపు అది నా కంట పడకూడదు. ఎవరు చేస్తారని నేను అడగను. చేసినవాడికి పాపం అంటదు, ఆ బరువు నాది."

నా వెనక ఒకామె, "ఏ గుడిసె అక్కా?" అని అడిగింది. "ఇంకేది, పంతులమ్మోళ్లదే." "అయ్యో, గా ముసలాయన పండుకుంటడు గద అండ్ల." "ఊకో, స్వామి ఊకెనే అంటడా? ఏమన్న ఉంటేనే అంటడు." అంతలో హారతి వచ్చింది. అందరూ కళ్లకద్దుకున్నారు. నేనూ అద్దుకున్నాను. వాడ ఎంతో దూరం లేదు. లేచి వెళ్లి ఒక్క మాట చెప్పి రావచ్చు. అంతమందిలోంచి లేవాలంటే సిగ్గు. ఇంత మంది విన్నారు, ఎవరో ఒకరు చెప్పకపోతారా అనుకున్నాను. అందరూ అదే అనుకున్నారో, అసలు ఎవరూ ఏమీ అనుకోలేదో నాకు తెలియదు.

తెల్లారేసరికి గుడిసె లేదు. మూడు ఇళ్లు కూడా పోయాయి. ముసలాయనను ఎడ్లబండిలో దవాఖానకు తీసుకుపోతుంటే తోవలోనే ప్రాణం పోయింది. స్వామి కారు ఆయన అన్న మాట ప్రకారం పొద్దు పొడుస్తుండగా అటే వెళ్లింది. ఆయన ఎటూ చూడలేదని, కళ్లు మూసుకొని జపంలో ఉన్నాడని చూసినవాళ్లు మెచ్చుకుంటూ చెప్పారు. ఆ సాయంత్రమే బస్సు మీద పేపరు వచ్చింది. మూడో పేజీలో స్వామివారి శాంతి సందేశం. నా వాక్యం ఒక్క అక్షరం పోకుండా ఉంది.

బాపు చెడ్డవాడు కాదు. జమ్మికుంట నుంచి వచ్చి, సంగతి విని, తిండి తినకుండా కూర్చొని నాలుగు పేజీలు రాశాడు. స్వామి ఏమన్నదీ, ఎవరు ఎటునుంచి పోయిందీ అన్నీ రాశాడు. మూడు రోజులకు ఆఫీసు నుంచి కార్డు వచ్చింది. స్వామివారు శాంతిని బోధించారని మీరే రాశారు, ఇప్పుడు దానికి విరుద్ధంగా రాస్తున్నారు, రెంటిలో ఏది అబద్ధం? మొదటిది అబద్ధమంటే సభకు ముందే పంపామని ఒప్పుకోవాలి. బాపు జవాబు రాయలేదు. నాలుగు పేజీల్లోంచి వాళ్లు నాలుగు పంక్తులు ఏరుకొని వేశారు. తాటాకు గుడిసె దగ్ధం, ఒక వృద్ధుడు మృతి. ఎవరు కాల్చారో లేదు. ఎందుకు కాలిందో లేదు. గుడిసె తనకుతానే విసుగుపుట్టి అంటుకున్నట్టుంది.

ఆ తరువాతి రోజు పంతులమ్మ మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ వాకిట్లోనే నిలబడేది, ఆ రోజూ అక్కడే నిలబడింది. చేతిలో మొదటి రోజు పేపరు మడత. "గిది మీ బాపు రాసింది కాదు. నువ్వు రాసినవు. మా బాపు మీద రాసిన ముచ్చట నాకెరుక లేదా?" అంది. గొంతులో కోపం లేదు, అదే భయమేసింది. "ఎల్లుండి డాక్ బంగ్లాకు జిల్లా నుంచి పెద్ద సాబు వస్తుండట, అడిగి తెలుసుకుంటడట. పోలీసు అమీన్ సాబు ఏమో, పేపర్ల శాంతి అని ఉన్నది గద, మీరే ఏదో కల్పించి చెప్తున్నరు అంటుండు. సభ కాకముందే రాసినమని ఒక్క మాట చెప్పు బిడ్డా. ఆయన ఏమన్నడో గుడ నువ్వు రాసుకునే ఉంటవు. నీ అలవాటు నాకు తెల్వదా." నేను తల ఊపాను. చెప్తాననే ఊపాను.

ఆమె వెళ్లాక అవ్వ వంటింట్లోంచి వచ్చి, "ఏం జెప్తవే? పెండ్లి కావలసిన పిల్ల కచేరీలెక్కి చెప్తదా?" అంది. బాపు అవ్వను వారించాడు. కాసేపటికి నావైపు చూడకుండా, "నా విలేకరి పని పోతే పోయింది, ఫికర్ లేదు. షావుకారు ఆహ్వాన సంఘంల పెద్ద. అడ్తి పోతే యాడికి పోదాం బిడ్డా?" అన్నాడు. చెప్పొద్దని ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే ఈ రోజు నాకు ఆయన మీద కోపం తెచ్చుకోవడానికైనా వీలుండేది.

డాక్ బంగ్లాకు డైరీని కొంగులో చుట్టుకొని వెళ్లాను. పెద్ద సాబు మంచివాడిలాగే ఉన్నాడు, అందరినీ కూర్చోమన్నాడు. పేపరు తీసి పైకి చదివాడు. నా వాక్యం దగ్గర ఆగి, "చాలా చక్కగా ఉంది. ఎవరు రాశారు?" అన్నాడు. "నేనే సాబ్," అన్నాడు బాపు. "సభలో మీరున్నారా?" "ఉన్న సాబ్." సాబు పంతులమ్మ వైపు తిరిగి, "చూడమ్మా, విన్నవారే ఇలా రాస్తే..." అన్నాడు. పంతులమ్మ లేచింది. "గా పిల్లను అడుగుండ్రి సాబ్. ముందు వరుసలనే ఉండె," అని నన్ను చూపింది. సాబు నవ్వుతూ, "ఏమ్మా, ఆ రోజు స్వామివారు ఏమన్నారు?" అని అడిగాడు. డైరీ అట్ట నా పక్కటెముకలకు గుచ్చుకుంటోంది. పేజీ తీసి చేతికిస్తే చాలు, మాట్లాడనక్కర కూడా లేదు. బాపు మెడమీది నరం ఒకటి కొట్టుకోవడం కనిపించింది. నేను తల దించుకున్నాను. "సిగ్గరి పిల్ల సాబ్. మగోళ్ల ముంగట మాట్లాడది," అన్నాడు బాపు. సాబు, "పోనీండి, పోనీండి, భయపెట్టకండి," అన్నాడు. నా సిగ్గు అంతకు ముందు గానీ తరువాత గానీ నాకు అంత బాగా పనికిరాలేదు. తరువాత ఆ కాగితాల్లో ఏం రాశారో మాకు తెలియదు. ఎవరినీ పట్టుకుపోలేదు.

రెండు నెలలకు పంతులమ్మకు నిజామాబాదు దిక్కు బదిలీ అయింది. అప్పటినుంచి నిన్నటిదాకా, ఏళ్లు గడిస్తే అన్నీ పలచబడతాయని నన్ను నేను నమ్మించుకుంటూ వచ్చాను. అచ్చులో పడినదాన్ని కాలం పలచబరచదు, ఏడాదికింత చిక్కబరుస్తుంది. నాలుగు గంటల ముందు రాసిన అబద్ధం పదకొండేళ్లకు చరిత్ర అయి, చట్రంలో బిగించుకోమని నా చేతికే వచ్చింది.

పంతులమ్మ వెళ్లే రోజు నా దగ్గరున్న ఆమె పుస్తకాలు రెండు తీసుకొని బస్సు దగ్గరికి పోయాను. ఆమె బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. పుస్తకాలు అందుకొని, అట్టలు కొంగుతో తుడిచి, ఒళ్లో పెట్టుకుంది. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. "పంతులమ్మా, నేను..." అన్నాను. డ్రైవరు బండి స్టార్టు చేశాడు. ఆమె కిటికీలోంచి నా ముఖం చూస్తూ అంది:

"ఒక వృద్ధుడు అని ఏసిండ్రు బిడ్డా. మా బాపుకు పేరుండె."